ఉత్తరాలు చదివే అభ్యర్థి

ఈమధ్య వారం రోజులుగా టీవీలో ఒక పెద్దమనిషే కనిపిస్తున్నాడు. సొంత పార్టీలో టిక్కెట్టు కోసం నెలల తరబడి పోటీపడుతూ ఏదో సభలో నోరు జారాడట. ఆ ముక్కనే తిప్పి తిప్పి వేస్తున్నారు. మా ఇంట్లోవాళ్లు చూసి నవ్వుతున్నారు. నేను మాత్రం లేచి వంటింట్లోకి పోతాను. అక్కడ పనేమీ ఉండదు, సర్దిన గిన్నెలే మళ్లీ సర్దుతాను. నోరు జారినవాడి ఇంట్లో ఆ తర్వాత రోజులు ఎలా గడుస్తాయో నాకు తెలుసు.

మేం కలకత్తా గార్డెన్ రీచ్‌లో, ఓడరేవు పనివాళ్ల ఇళ్ల లైన్లలో ఉండేవాళ్లం. లైనంతా శ్రీకాకుళం వైపు వాళ్లే. మా నాన్న క్రేను నడిపేవాడు, యూనియన్‌లో తిరిగేవాడు. అంతకన్నా పెద్ద హోదా ఏమిటంటే, మా లైన్లో తెలుగు చదవగలిగినవాడు ఆయనొక్కడే. ఆదివారం స్నానం చేసి, కళ్లజోడు తుడుచుకుని బల్లమీద కూర్చుంటే ఆడవాళ్లు ఒక్కొక్కరే ఊరినుంచి వచ్చిన ఉత్తరాలు పట్టుకొచ్చేవారు. ఒకరిది చదువుతుంటే ఇంకొకరు గుమ్మం దాటకూడదు. అత్తగారు కోడల్ని తిట్టిన చోట నాన్న ఓసారి దగ్గి, ఆ రెండు వాక్యాలూ మింగేసేవాడు. దగ్గు వినగానే వచ్చినావిడకి సంగతి అర్థమైపోయేది, అది వేరే విషయం. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలని అమ్మ మా చెవులు పిండి మరీ చెప్పేది.

ఎనభైల్లో ఓసారి కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. రాజ్యం ఎర్రజెండాదే కాబట్టి మా వార్డుకి అసలు పోటీ పార్టీ లోపలే. మా నాన్నా, ఒక బెంగాలీ బడిపంతులూ ఆ టిక్కెట్టు అడిగారు. కమిటీ ఏదీ తేల్చకుండా నాలుగు నెలలు నానబెట్టింది. మీటింగు మీద మీటింగు. నాన్న నిద్రలేక సన్నబడ్డాడు, అమ్మ విసుక్కునేది. చివరికో మీటింగులో, మా లైనువాళ్లంతా వెనక చాపలమీద కూర్చుని ఉండగా, మీ తెలుగువాళ్లు నీ మాట వింటారని ఏమిటి నమ్మకమని సెక్రటరీ అడిగాడు. నాన్న ఛాతీ విరుచుకుని బెంగాలీలో గడగడా చెప్పాడు: ఏ ఇంట్లో ఏముందో నాకు తెలుసు దాదా, అందరి ఉత్తరాలూ చదివేది నేనే, నన్ను కాదని ఎక్కడికి పోతారు? ముందు వరసలో నవ్వారు. మావాళ్లకి చదువు రాదు గానీ బెంగాలీ బాగా వచ్చు.

ఆ ఆదివారం మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. పై ఆదివారమూ రాలేదు.

"నానేటన్నాననే? ఉన్నమాటే గదా" అని నాన్న గొణిగితే, "ఉన్నమాటే. మనింటి మాట కాదు గదా" అంది అమ్మ.

కుళాయి దగ్గరికి మేం వెళ్లగానే మాటలు ఆగిపోయేవి. పంతులు మనుషులు బజారంతా ఆ మాటే మోసుకు తిరిగారు. టిక్కెట్టు పోతుందని నాన్న దిగులు. నా భయం వేరు. ఎదురింటి అప్పకి ఊరినుంచి ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది; పోస్టుమాన్ మా కళ్లముందే ఇచ్చాడు. వాళ్లమ్మకి ఒంట్లో బాగోలేదని అంతకుముందు ఉత్తరంలో నాన్నే చదివి చెప్పాడు. ఈసారి అప్ప దాన్ని విప్పకుండా జాకెట్లో దోపుకుని మూడు వారాలు తిరిగింది. అందులో చావు కబురుందేమోనని నాకు అన్నం సయించేది కాదు. నాన్నమీద చెప్పలేనంత కోపం వచ్చేది.

టిక్కెట్టు పంతులుకే ఇచ్చారని తెలిసిన సాయంత్రం అప్ప మా గుమ్మం ఎక్కింది. నాన్న గబగబా జరిగి బల్లమీద చోటిచ్చి, కళ్లజోడు కోసం తడుముకున్నాడు. అప్ప ఆయనవైపు చూడలేదు. ఉత్తరం నా చేతిలో పెట్టి, "మీ అయ్య నీకు అచ్చరాలు నేర్పేడు గదా పిల్లా. నువ్వు సదువు" అంది.

నేను బెంగాలీ బడిలో చదివేదాన్ని, తెలుగు కూడబలుక్కోవాల్సిందే. రెండో వాక్యంలోనే ఒక మాట దగ్గర ఆగిపోయాను. నాన్న పెదవులు కదిలాయి. అంతలోనే లేచి, చెప్పులేసుకుని, మా గొంతులు వినపడనంత దూరం నడిచి వీధి చివర నిలబడ్డాడు. వాళ్లమ్మ బతికే ఉంది, ఒక్కసారి వచ్చి చూసిపొమ్మని రాయించింది. అప్ప మర్నాడే హౌరాలో బండెక్కింది. వెళ్లేసరికి ఆవిడ మాట్లాడే స్థితిలోనే ఉందట.

అప్పట్నించి లైన్లో ఉత్తరాలన్నీ నా దగ్గరికే వచ్చాయి. ఎవరైనా గుమ్మం ఎక్కగానే నాన్న లేచి వీధి చివరికి వెళ్లిపోయేవాడు. చదవడం అయిపోయింది, లోపలికి రా నాన్నా అని ఒక్కసారైనా వెళ్లి పిలవాలని నాకప్పుడు తోచలేదు. తోచేనాటికి నాకు ఆయన వయసొచ్చింది, ఆయన లేడు.