తడి ఉన్నంతసేపు

వికారాబాద్‌లో మా ఇంటి వరండాలో అమ్మ పాత బల్లకు కొత్తగా పాలిష్ వేద్దామని గరుకు కాగితంతో రుద్దుతున్నాను. పొద్దుటి నుంచి రుద్దినా నడుమ ఉన్న గీతలు పోవడం లేదు. టేకు పొడి వాసన ముక్కుకెక్కగానే తాండూరులో ఉన్న రోజులు గుర్తొచ్చాయి.

అమ్మ ఈ బల్ల మీదే కుట్టడానికి బట్టలు కత్తిరించేది. నాకు ఏడేళ్లప్పుడు రెండు రోజులు కూర్చుని దాన్ని నున్నగా రుద్దింది. "పాలిష్ డబ్బా తెస్త, ముట్టకు" అని చెప్పి బజారుకు పోయింది.

పాలిష్ అంటే నాకు తెలిసింది ఒక్కటే. నాన్న నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. అన్నం డబ్బా ఇవ్వడానికి పోయినప్పుడల్లా చూసేదాన్ని. నీళ్లు పోస్తూ రుద్దితే బండ అద్దమయ్యేది.

నేనూ చెంబుతో నీళ్లు పోసి, నాపరాయి ముక్కతో బల్లను రుద్దాను. తడి ఉన్నంతసేపు మెరిసింది. ఆరాక గీతలు తేలాయి. మళ్లీ నీళ్లు పోశాను. మళ్లీ మెరిసింది, మళ్లీ ఆరింది.

అమ్మ వచ్చి చూసి, డబ్బా పక్కన పెట్టి, బల్ల ముందు కూర్చుండిపోయింది. నాన్న వస్తే బాగు చేస్తాడని నా ధీమా. ఆయన వచ్చి గీతల మీద వేళ్లు ఆనించి చూశాడు.

"బండైతే చేస్తుంటి బిడ్డా," అన్నాడు. "కట్టె పని నాకు తెల్వది."

ఇప్పుడు పొడి తుడుద్దామని బల్ల మీద తడిగుడ్డ వేశాను. గీతలు కనబడకుండా పోయి, బల్ల మెరిసింది. ఆరుతుందని తెలిసీ, గుడ్డ మళ్లీ తడిపాను.