నిలువుదోపిడికి దారం కమ్మలు

పాలిటెక్నిక్‌లో ‘స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్’ పేపరు నాకు ఎంతకీ దక్కకపోయేసరికి మా అమ్మ తిరుమల స్వామికి నిలువుదోపిడి మొక్కుకుంది. నేను పాసైతే, కొండెక్కిన రోజు తన ఒంటి మీద ఏ నగ ఉంటే ఆ నగ ఒలిచి హుండీలో వేస్తానని. పాసయ్యాను. అవి డెబ్బైల చివరి రోజులు. డిప్లొమా చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని కుర్రాడికి చిత్తూరులో వేరే పనేముంటుంది? మొక్కు ఏర్పాట్లు నాకే అప్పజెప్పారు.

ఏ నగ పోతే దాని చోట ఏం రావాలో ముందు వరుసగా ఆలోచించుకున్నాను. బంగారు గాజులకు మట్టిగాజులున్నాయి. తాళిబొట్టుకు పసుపుకొమ్ము ఉంది. ముక్కుపుడక లేకపోతే పట్టించుకునేవాళ్ళు తక్కువ. చెవులకు మాత్రం పెద్దలెవరూ ఏ ఏర్పాటూ చేసి పెట్టలేదు. అమ్మ దిగులంతా అక్కడే. మొక్కు రవ్వంత కూడా మిగలకుండా చెల్లాలి. ముత్తైదువ బోడి చెవులతో కొండ దిగకూడదు. కొండ మీద గిల్టు కమ్మలు కావలసినన్ని దొరుకుతాయి కానీ గిల్టు తగిలితే ఆమె చెవులు పుండ్లు పడతాయి.

“అంత చదివినావే, ఇంత కమ్మ చెయ్యలేవా?” అంది.

చదువు మీదకు వచ్చాక తప్పదు. అట్టకు పాత పెళ్ళిపత్రికలు తీసుకున్నాను. నగరిలో మగ్గాలున్న మా పెద్దమ్మ ఇంటి నుంచి మిగులు పట్టుదారం తెప్పించాను, ఎరుపు. కొక్కేనికి మోటార్లు రీవైండింగ్ చేసే కొట్టులో ఎనామిల్ రాగితీగ అడిగి తెచ్చాను. పైన పూత ఉంటుంది కనుక లోహం చెవికి తగలదు. కోసిన కొన దగ్గర పూత పోతుంది. అక్కడ గోళ్ళరంగులో ముంచాను. అట్టను చక్రాల్లా కత్తిరించి, మైదా జిగురు రాసి, దారాన్ని మోటారు ఆర్మేచర్‌కు తీగ చుట్టినట్టు వరుస తప్పకుండా చుట్టాను. బరువు పరీక్షకు ఒక్కో కొక్కేనికీ వేరుశనక్కాయలు వేలాడదీశాను. తట్టుకుంది. పేపరులో ఇంత సులభమైన లెక్క నాకెప్పుడూ రాలేదు.

పెట్టి చూసుకున్న మొదటి మధ్యాహ్నమే అమ్మ కాసేపు కునుకు తీసి, చెవి పట్టుకుని లేచింది. మైదా వాసనకు చీమలు వచ్చాయి. దిండు మీద నుంచి కమ్మ దాకా బారు కట్టాయి. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారని గుర్తొచ్చి, చిటికెడు కలిపి మళ్ళీ చేశాను. ఈసారి రెండు జతలు. యంత్రానికి విడిభాగం ఉండాలన్నది నా చదువు.

అప్పుడు మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒక అడ్డు వేసింది. నిలువుదోపిడి అంటే ఒంటి మీదున్నదే కాదు, కొంగులో ముడేసుకున్నదీ సంచిలో పెట్టుకున్నదీ అన్నీ లెక్కేనంది. అలాగైతే దారం కమ్మలు కొండెక్కేదెలా? మా నాయనను అడిగితే, దేవుడి తరఫున మాట్లాడేది మీ అవ్వ, ఆమెనే అడగమని అంగడికి వెళ్ళిపోయాడు. అవ్వ చాలాసేపు ఆలోచించి, మొక్కింది నేను కాదు కనుక నా జేబు లెక్కలోకి రాదని తీర్పు చెప్పింది. రెండు జతలూ అగ్గిపెట్టెలో సర్ది జేబులో పెట్టుకున్నాను.

దర్శనమయ్యాక హుండీ దగ్గర అమ్మ ఒక్కొక్కటే తీసి వేసింది. ముందురోజే కొబ్బరినూనె పోసి ఉంచినందువల్ల కమ్మల మరలు సులువుగా తిరిగాయి. ఆఖరి కమ్మ పడగానే కొంగుతో చెవులు మూసుకుని నాకేసి చెయ్యి చాపింది. ఒక జత ఇచ్చాను. అక్కడే తగిలించుకుంది.

మాతో కొండెక్కిన అవ్వ వెనక నుంచి అడిగింది. “ఏమ్మే, గుడి దాటినావా?”

“లేదత్తా.”

“మరి నీ ఒంటి మీద ఏముండాయి?”

అమ్మ నిలబడిపోయింది. జరగండి, జరగండి అని వరుస తోసేవాళ్ళు కేకలు పెడుతున్నారు. ఆమె జనానికి ఎదురు నడిచి, మళ్ళీ హుండీ చేరి, పెళ్ళిపత్రికలతో, మైలుతుత్తంతో తయారైన ఆ కమ్మలు రెండూ లోపల వేసింది.

మా వెనక వచ్చిన ఒకామె ఇదంతా చూసింది. అప్పుడే గుండు చేయించుకుని తలకు గంధం పూసుకుంది. ఆమెదీ నిలువుదోపిడే. బంగారం అప్పుడే వేసింది.

“దారం కమ్మలు కూడా వెయ్యాల్నా మా?” అని అమ్మను అడిగింది. “మాకెవురూ చెప్పలేదే.”

అవసరం లేదని అమ్మ చెప్పబోయింది. ఈలోగా అవ్వ, “వేస్తే మంచిదేలే,” అనేసింది.

ఆమె ముఖం వాడిపోయింది. మొక్కులో ఏదో తక్కువైందని కళ్ళు తుడుచుకుంటోంది. అమ్మ ఆమెను చూసింది, నా జేబు చూసింది. గుడి దాటాక పెట్టుకోవలసిన జత అందులో ఉంది.

“ఇచ్చెయ్ రా,” అంది. “లేకుంటే ఇంటికి పోయి నిద్రపోదు ఆమె.”

ఇచ్చాను. ఆమె కళ్ళకద్దుకుని హుండీలో వేసింది. అంతే, వరుసలో ఇంకో ఇద్దరు నాకు చేతులు చాపారు. నాకేదప్పా, నాకేదప్పా అంటుంటే ఖాళీ అగ్గిపెట్టె తెరిచి చూపించుకుంటూ బయటపడ్డాను.

దిగే బస్సులో అమ్మ తల నిండా కొంగు కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఘాట్ మలుపుల్లో నిద్రపోయింది. గాలికి కొంగు జారి, రెండు చెవులూ బస్సులో అందరికీ కనిపించాయి. సర్దబోయి అవ్వ చెయ్యి వెనక్కు తీసుకుంది.

“ఇంట్లో దారం ఇంగా ఉండాదా?” అని నన్ను మెల్లగా అడిగింది.

“ఉండాది.”

“అయితే గమ్మునుండు. లేపొద్దు.”