ఆరో పిక్క

నా చిన్నప్పుడు, బేసిన్లో తేలుతున్న రేకు మూతలోకి ఆరో చింతపిక్క వేసి, మా టీచరమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఎదురుగా కూర్చుని పాఠం చూస్తున్న బెంగాలీ మేడమ్ "ఆరో" అంది. టీచరమ్మ మూతలోకి చూపించింది. మేడమ్ మళ్లీ "ఆరో, ఆరో" అంది.

"ఆరోది ఏసేనండి," అంది టీచరమ్మ తెలుగులోనే, ఆరు వేళ్లు ఎత్తి చూపిస్తూ.

బెంగాలీలో ఆరో అంటే ఇంకా అని. మూత మునిగేదాకా ఇంకా వెయ్యమంటోంది ఆవిడ. హాల్లో ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మొదలుపెట్టారు.

అది చిన్న తరగతుల్లో లెక్కలు, సైన్సు చెప్పే టీచర్లకి ట్రైనింగు. పుస్తకం చదివించేయకుండా చేసి చూపించి ఎలా నేర్పాలో అందులో చెబుతారు. ఆ రోజు పాఠం చేసి చూపించే వంతు మా టీచరమ్మది. ఆవిడ సిక్కోలు నుంచి హౌరాలోని మా తెలుగు బడికి కొత్తగా వచ్చింది, బెంగాలీ అంతగా రాదు. నాకేమో వీధిలో ఆడీ ఆడీ గడగడా వచ్చు. మాట అందకపోతే చెప్పమనే నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. పక్కనే ఉన్నాను. చెవిలో ఒక్క మాట వేస్తే సరిపోయేది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. నాకు బెంగాలీ వచ్చని ఆ హాలంతటికీ తెలియాలని కాబోలు.

తిరిగొచ్చేటప్పుడు లాంచిలో నది దాటుతుంటే, జెట్టీ గోడల మీది ఎర్రరంగు రాతలు కనుమరుగయ్యాయి. అప్పుడు టీచరమ్మ మెల్లగా, "ఆయమ్మ ఏటన్నాదే పిల్లా?" అనడిగింది. తెలీదన్నాను.

"ఔన్లే. తెలిస్తే సెప్పకుండా ఉంటావేటి నువ్వు."

అని తన మరమరాల పొట్లం నా చేతిలో పెట్టింది. ఆ పొట్లం విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లాను.

ఇప్పటికీ ఎవరైనా భాష రాక తడబడుతుంటే ముందు నా చెవులు వేడెక్కుతాయి. వాళ్ల పక్కకి వెళ్లి నిలబడేదాకా ఆ వేడి తగ్గదు.

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు బడికెళ్లాను. టీచరమ్మ బల్ల మీద మా వంటింటి చింతపిక్కలు ఆరు వరసగా పేర్చి, ఆవిడ వచ్చేదాకా నిలబడ్డాను. వచ్చాక, ఆవిడ చూస్తుండగా, గుప్పెట్లోంచి ఏడోది తీసి పెట్టాను.

"ఆరో అంటే ఇది, టీచరమ్మా. నాకు నిన్ననే తెల్సు."