సత్తెమ్మ పేరు రెండుసార్లు తీసేశాను

శాలిబండలో ఒక సర్కారు బడిలో సోషల్ టీచర్‌గా అది నా పదిహేడో సంవత్సరం. అసెంబ్లీ ఎన్నికలకు ముందు ఓటర్ల జాబితా సవరిస్తున్న రోజులు. బడి పనితో పాటు బీఎల్ఓ పని కూడా నా నెత్తిన పెట్టారు. బీఎల్ఓ అంటే బూత్ లెవల్ ఆఫీసర్. పేరులో ఆఫీసర్ ఉంది కానీ, ఇల్లిల్లూ తిరిగి ఎవరున్నారో, ఎవరు చనిపోయారో, ఎవరు ఇల్లు మారారో రాసుకోవడమే పని. బడిలో లెక్కల టీచర్లు ఇద్దరుండగా ఈ డ్యూటీ నాకే ఎందుకు వేశారని హెడ్మాస్టర్‌ను కాగితం మీద రాసి అడిగాను.

"మీది సోషలే గద మేడమ్. సిలబస్ ఎట్లనన్న అయిపోతది" అన్నాడు. స్టాఫ్ రూంలో అందరి ముందూ అన్నాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

నా పరిధిలో హుస్సేనీ ఆలం వైపు గల్లీలు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి పాల వ్యాపారం చేసే ఇల్లు. పెద్ద గేటు, లోపల వాకిలి, దాని వెనక బర్రెల కొట్టం. వ్యాపారమంతా నర్సింగ్ అనే అతని చేతిలో ఉండేది. రెండేళ్ల ముందు ఇదే పని మీద వెళ్తే, అతను మంచం మీద కూర్చుని నన్ను పేడ పక్కన నిలబెట్టి మాట్లాడాడు. "ఏం లొల్లి మేడమ్ పొద్దుగాల్నే? కాగితాలు గాడ పెట్టి పోన్రి" అన్నాడు. కూర్చోమని ఒక స్టూల్ కూడా వేయలేదు. ఇక ఆ గడప తొక్కనని ఆ రోజే అనుకున్నాను.

ఈసారి వెళ్లక తప్పలేదు. పని వెనకబడిన వాళ్ల పేర్లు మా సూపర్‌వైజర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో మొదటి పేరు నాది, పక్కన ఎర్ర చుక్క. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. గేటు దగ్గరే ఆగాను. నర్సింగ్ బండికి పాల క్యాన్లు కడుతున్నాడు.

"సత్తెమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఉన్నారా?"

"మా పెద్దమ్మనా? బిడ్డ తానికి జహీరాబాద్ పోయింది మేడమ్. ఇగ గాడనే ఉంటది."

"మళ్లీ రారా?"

"అచ్చి ఏం చేస్తది? గీడ ఎవరు సూస్తరు? రాస్కోన్రి, సంతకం నేను పెడ్త."

అప్పుడు కొట్టంలో నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. "నిలవడవే, నిలవడు" అని బర్రెను కసురుతోంది. పాలధార గిన్నెలో పడుతున్న చప్పుడు కూడా వినబడింది. ఎవరని అడగాలంటే లోపలికి వెళ్లాలి. నేను వెళ్లలేదు. ఇల్లు మారిందని రాసుకుని పక్క ఇంటికి వెళ్లిపోయాను.

జాబితాలోంచి పేరు తీయడానికి వాడేది ఫారం 7. అది పెట్టాక సత్తెమ్మ పేరున ఆ ఇంటికే నోటీసు వెళ్లింది. నర్సింగ్ తీసుకున్నాడు. గడువులోగా అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. పేరు పోయింది. కాగితాల్లో ఎక్కడా తప్పు దొరకదు. ఆ కొట్టం సత్తెమ్మ భర్త వాటా అనీ, ఆమె అక్కడ ఉండటం లేదని చూపించడానికి నర్సింగ్‌కు ఒక సర్కారు కాగితం కావాల్సి వచ్చిందనీ తర్వాత తెలిసింది.

పోలింగ్ మా బడిలోనే. గేటు పక్కన టేబుల్ వేసుకుని ఓటర్లకు వరుస నంబర్ చీటీలు రాసివ్వడం నా పని. ఎనిమిది గంటలకల్లా ఒక పెద్దామె వచ్చింది. మడత విప్పిన గీతలు ఇంకా పోని నీలం చీర, చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఓటరు కార్డు.

"టీచరమ్మా, నా చీటీ."

కార్డు చూడగానే గుర్తుపట్టాను. జాబితాలో ఆమె ఫొటో ఉంది. దాని మీద ఏటవాలుగా డిలీటెడ్ అని అచ్చు పడి ఉంది.

"గా ఫొటో నాదే గద? మీద గీ రాత ఏంది?"

"పేరు తీసేశారమ్మా."

"ఎవరు?"

"ఆఫీసులో" అన్నాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాల్లో అది అతి చిన్నది. ఇంత కాలమైనా తగ్గకుండా బాధపెడుతున్నది కూడా అదొక్కటే.

ఆమె కదల్లేదు. "నేను ఏడికీ పోలే టీచరమ్మా. నెల దినాలు బిడ్డ తాన ఉండి అచ్చిన, గంతే. నా పెనిమిటి పోయినకాన్నుంచి గీ బడిలనే ఏస్తున్న ఓటు. ఇంట్ల అందరికీ పెద్దమ్మను, గల్లీల పాలామెను. లోపల సారు కాగితం సూసి 'సత్తెమ్మా' అని గట్టిగ సదువుతడు సూడు, నా పేరు నాకు ఇంకేడ ఇనవడతది?"

నిజమే. బూత్‌లోకి వెళ్లగానే మొదటి పోలింగ్ ఆఫీసర్ ఓటరు పేరును పైకి చదవాలి, పార్టీల ఏజెంట్లు వినాలని నియమం. పదిహేడేళ్లుగా ఎన్నికల డ్యూటీ చేస్తూ, ఆ చదవడం వినడానికే ఒక మనిషి వస్తుందని నాకు తట్టలేదు.

ఆమె ఇంటికి వెళ్లలేదు. వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కానిస్టేబుల్ రెండుసార్లు వచ్చి, "అమ్మా, జర జరుగు" అన్నాడు. "జరిగిన బిడ్డా" అంటూ జానెడు జరిగింది. నేను అటు చూడకుండా పని చేసుకున్నాను.

పోలింగ్ గడువు ముగిసే వేళకు ఇంకా వరుస ఉంటే, ప్రిసైడింగ్ ఆఫీసర్ అందరికీ నంబర్ చీటీలు ఇస్తాడు. కొత్తవాళ్లు వెనక చేరకుండా, చీటీలు వరుస చివరి నుంచి మొదలుపెడతాడు. సత్తెమ్మ వెళ్లి వరుస చివర నిలబడింది. ఒకటో నంబర్ ఆమెకే వచ్చింది. దాన్ని నా వైపు ఎత్తి చూపించి నవ్వింది. నేను చెప్పాల్సింది అప్పుడు చెప్పినా బాగుండేది.

ఆమె వంతు వచ్చేసరికి వరండాలో లైట్లు వేశారు. లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో బయటికి వచ్చింది.

"సదవలే టీచరమ్మా" అంది. అంతే అంది.

తర్వాతి వారం తొమ్మిదో తరగతికి బ్రిటన్ ఆడవాళ్లు ఓటు కోసం చేసిన పోరాటం చెబుతున్నాను. వాళ్లు ఇనుప కటకటాలకు గొలుసులతో కట్టేసుకున్నారు, అద్దాలు పగలగొట్టారు, జైల్లో తిండి మానేస్తే గొట్టాలతో బలవంతంగా ఎక్కించారు. చివరికి చట్టం వచ్చినా, మొదట ముప్పై దాటి ఆస్తి షరతులకు తూగిన వాళ్లకే ఇచ్చారు. ఇదంతా ఏటా చెప్పేదే. ఆ తర్వాత జనాభా లెక్కల సంగతికి వచ్చాను. ఓటు ఇవ్వని ప్రభుత్వం మమ్మల్ని లెక్క మాత్రం ఎందుకు పెట్టాలని, లెక్క తీసే రాత్రి చాలామంది ఆడవాళ్లు ఇళ్లలో దొరకకుండా పోయారు. ఒకామె పార్లమెంటు భవనంలోనే ఒక చిన్న అరలో దాక్కుంది.

అక్కడ పాఠం ఆపేశాను. వాళ్లు రాసుకునేవాడికి దొరక్కూడదని దాక్కున్నారు. ఇక్కడ ఒకామె ఎక్కడా దాక్కోలేదు, తన కొట్టంలో తాను పాలు పితుకుతోంది. రాసుకునేదాన్ని నేనే వెళ్లలేదు. సరిగ్గా అప్పుడే లెక్కల టీచర్ తలుపు తట్టి, "మేడమ్, సగం పీరియడ్ ఇస్తరా?" అన్నాడు. మామూలుగా అయితే గొడవపడేదాన్ని. ఆ రోజు మొత్తం ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే ఫారం 6 తీసుకుని వెళ్లాను. పేరు కొత్తగా ఎక్కించేది అదే. నర్సింగ్ లేడు. మొదటిసారి గేటు దాటి కొట్టం దాకా నడిచాను. సత్తెమ్మ కొంగుతో స్టూల్ తుడిచి వేసింది. పెద్ద గ్లాసు నిండా పాలు ఇచ్చింది. రెండేళ్లు ఏ స్టూల్ కోసం ఉడికిపోయానో దాని మీద కూర్చుని, పేరు తీయించింది నేనేనని చెప్పాను.

"ఎర్కనే" అంది. "గా దినం నీ గొంతు ఇనవడ్డది. బర్రె చేపి పాలు దిగుతుంటె నడుమ ఇడ్శి రారాదు. ఒక్కపారి పిలుస్తవేమో అని సూసిన. పిలవకపోతివి."

కోపంగా అనలేదు. బర్రె కుడితి తాగలేదని చెప్పినట్టు చెప్పి, వేలిముద్ర వేసింది.

ఆ రాత్రి సూపర్‌వైజర్‌కు ఫిర్యాదు రాశాను. నా ఉద్యోగంలో చాలా ఫిర్యాదులు రాశాను కానీ, నా మీద నేను రాసుకున్నది అదొక్కటే. "ఎవరూ అడగంగ ఇదెందుకు మేడమ్? కొత్తగ ఎక్కించిన్రు గద, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. కాగితం మీద జవాబు మాత్రం నేటికీ రాలేదు.

సత్తెమ్మ పేరు జాబితాలో ఎక్కింది. కొత్త కార్డు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. తర్వాతి ఎన్నికలకు ఇంకా నాలుగు నెలలు ఉండగా ఆమె నిద్రలోనే పోయింది. నర్సింగ్ ఫోన్ చేసి చెప్పాడు. మరణ ధ్రువపత్రం చూసి మళ్లీ ఫారం 7 నింపాను. కారణం దగ్గర ఈసారి రాసింది నిజం.

"గప్పుడు తీసిందే ఉంచితే మీకు గీ తిప్పల తప్పుతుండె మేడమ్" అన్నాడు నర్సింగ్, సంతకం పెడుతూ. కొట్టానికి అప్పటికే కొత్త తాళం వేసి ఉంది.

హెడ్మాస్టర్ మాట, ఎర్ర చుక్క, నర్సింగ్ వేయని స్టూల్, ఏదీ మర్చిపోలేదు. వాటికి జవాబు అడుగుతూనే ఉంటాను. కానీ నన్ను నిలబెట్టిన మనిషి మీద కోపం కొద్దీ, లోపల ఉన్న మనిషిని చూడకుండా వచ్చానన్నదీ ఆ వరుసలోనే ఉంది. ఇప్పుడు ఏ ఇంట్లోనూ మగవాళ్లు చెప్పింది విని రాసుకోను. వాకిట్లో నిలబడి జాబితాలోని ఆడమనిషి పేరు గట్టిగా చదువుతాను. ఆమె వచ్చి నా ముందు నిలబడేదాకా చదువుతాను. చుట్టుపక్కల వాళ్లు నవ్వుతారు. హుస్సేనీ ఆలంలో ఆ పొద్దున కూడా నేను చేయాల్సింది అంతకన్నా పెద్ద పనేమీ కాదు. ఒక్కసారి పిలవాల్సింది.