పెద్దకోడలు సైకిలెక్కిన పండగ

మా తోడికోడలు మల్‌సూన్ అక్క పోట్లాడేటప్పుడు గొంతు పెంచదు, తగ్గిస్తుంది. ఆ సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, వంటింట్లో ఆమె పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి అట్లు వేసింది నేనే కాబట్టి. అందుకే ఆ రోజు అత్తయ్య ముందు కూర్చుని, ఈసారి చూసోక్ పంటల పండక్కి ఇంట్లో ఉండననీ, వారం రోజులు సైకిల్ మీద తిరగడానికి పోతున్నాననీ ఆమె మెల్లగా చెప్పినప్పుడు మిగతావాళ్ళు తమాషాకి అంటోందనుకుని నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు.

గూ వంశంలో మాది పెద్దకొడుకుల ఇల్లు. పోయిన తాతముత్తాతలకి పండగ పొద్దున బల్ల మీద అన్నం పెట్టడం మా బావగారి చేతుల మీదుగా జరగాలి. చేతుల మీదుగా అంటున్నాను గానీ ఆ చేతులు కల్లు గిన్నె తప్ప ఇంకోటి ముట్టుకోగా నేను చూడలేదు. బజారుకి వెళ్ళి మోసుకురావడం, ఇత్తడి సామాను తోమడం, చేపముక్కలకీ గుమ్మడి ముక్కలకీ పిండి పూసి పెనం మీద అట్లుగా కాల్చడం, బియ్యప్పిండితో చంద్రవంకలు చేసి ఆవిరి పట్టడం, వచ్చిన చుట్టాలకి వడ్డించడం, పోయేవాళ్ళకి కట్టివ్వడం, అంతా కడిగి బోర్లించడం, ఇదంతా కలిపితే అక్కకి పండగంటే సరిగ్గా వారం పని. ఇంత చేసినా, మగవాళ్ళు బల్ల ముందు వరసగా నిలబడి దండాలు పెడుతుంటే మేం వంటింటి గుమ్మం దగ్గర తడి చేతులతో చూస్తుండాలి. వారం పని నాదైతే వారం సెలవూ నాదే అంది అక్క. అందులో తప్పేముందో ఎవరైనా చెప్తే ఇప్పటికీ వింటాను.

"మరి పెద్దలకి అన్నం ఎవరు పెడతారే?" అంది అత్తయ్య.

"మీ పెద్దలకి మీ కొడుకులున్నారు అత్తయ్యా. మా నాన్నకి నేనున్నా. పండగ పొద్దున సోల్‌గోల్ స్టేషన్లో ఆయనకి అన్నం పెడతా."

అప్పుడు గానీ ఎవరి నవ్వూ ఆగలేదు.

సోల్‌గోల్ అంటే పాత రైలు లైను మీద, కొండల మధ్య, రెండు ప్లాట్‌ఫారాల ఊరు. అక్క వాళ్ళ నాన్న బతికున్నప్పుడు అక్కడ గ్యాంగ్‌మన్. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ, బోల్టులు కొట్టి చూసుకుంటూ పోయేవాడు. వరసగా ఆడపిల్లలే పుట్టారు. నాలుగోది కూడా ఆడపిల్లే అయ్యేసరికి, ఇదే ఆఖరిది కావాలి, వెనక మగపిల్లాడు రావాలి అని మల్‌సూన్ అని పేరు పెట్టారు. మల్ అంటే కడ అని. మగపిల్లాడు రాలేదు. ఆ తండ్రి మాత్రం ఆ కడపిల్లనే వెంటేసుకుని పట్టాల మీద తిప్పాడట, ఏ బోల్టు మోత బాగుందో ఏది బాగాలేదో చెవికి నేర్పాడట.

కొడుకు లేనివాడికి పండగన్నం లేదు, మా వాళ్ళ లెక్క అంతే. నలుగురు కూతుళ్ళూ నాలుగిళ్ళలో ఎవరెవరి తాతలకో అట్లు వేస్తుంటే ఆయనకి గిన్నెడు కల్లు పోసే దిక్కు లేదు. కొత్త రైలు మార్గానికి కొండ తొలిచినప్పుడు సమాధి కూడా తీసేశారు. పెళ్ళైన కొత్తలో అక్క అత్తయ్యని అడిగిందట, బల్ల చివర మా నాన్నకీ ఒక గిన్నె పెట్టనా అని. వేరే ఇంటిపేరు వాళ్ళని మా పెద్దల పక్కన కూర్చోబెడతావా అంది అత్తయ్య. అక్క మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఊరుకుందని అందరూ మర్చిపోయారు. ఆమె మర్చిపోలేదు. పాత లైను పట్టాలు పీకేసి ఆ దారిని సైకిళ్ళకి వదిలారనీ, అది సోల్‌గోల్ ప్లాట్‌ఫారం పక్కనుంచే పోతుందనీ ఎవరో చెప్పిన రోజున, ఆమె సైకిల్‌కి కొత్త టైర్లు వేయించింది. వండిన కూరలు అమ్మే కొట్టు ఆమెది, బజార్లో ఇల్లిల్లూ తిరిగి డబ్బాలు అందించే సైకిల్ అది, ముందు బుట్ట, వెనక క్యారియర్.

అత్తయ్య ఆఖరి అస్త్రం తీసింది. వెళ్తే మళ్ళీ ఈ ఇంటికి పెద్దకోడలిగా రావద్దంది. సరే అత్తయ్యా, చిన్నకోడలిగా వస్తా, పెద్దకోడలి పని సుక్‌హీ చేస్తుంది అంది అక్క. సుక్‌హీ అంటే నేను. ఆ మాటతో నాకు తిక్క రేగింది. ఆ పెనం ముందు ఒక్కదాన్నే కూర్చుని వారం రోజులు మాడిపోవడానికి నాకేం ఖర్మ? నేనూ వస్తానన్నాను. మా ఆయన సాంగ్‌హో నోరు తెరిచి నా మొహం చూశాడు. ఎదురింటావిడ సైకిల్ అరువు తెచ్చుకున్నాను.

సియోల్ నగరం శివార్లలో నది పక్కన మరో పాత రైలు దారి ఎక్కాం. సొరంగాల్లో చల్లగా ఉంది, ఇనుప వంతెన మీద చెక్కలు టకటకమంటున్నాయి. అక్క నిదానంగా, మజిలీ మజిలీకీ ఆగుతూ తొక్కింది. ఉడికించిన మొక్కజొన్న కనిపిస్తే ఆగింది. నీడ కనిపిస్తే ఆగింది. మోకాళ్ళకి మంచిదే కదా అని నేనూ ఆగాను, నా పిరుదుల సంగతి నేను చెప్పను. బిగుతు బట్టలు, నల్ల కళ్ళద్దాలు వేసుకున్న మగవాళ్ళు మా పక్కనుంచి బాణాల్లా పోతూ, తప్పుకోండి అత్తా అని అరిచేవారు. దారి పొడుగునా ఉన్న ఎర్ర గూళ్ళలో, ఇక్కడిదాకా తొక్కామని పుస్తకం మీద ముద్ర గుద్దుకోవడం, మళ్ళీ పరుగు. అదీ వాళ్ళ విహారం.

యోజు ఊరు దాటాక, వరి పండి పసుపుబారిన పొలాల మధ్య, ఒక ముసలమ్మ సైకిల్ దారి సగం మేర ఎండుమిరపకాయలు ఆరబోసి కాపలా కూర్చుంది. ఒక నల్ల కళ్ళద్దాలవాడు దిగి, ఇది సైకిళ్ళ దారి, తీసెయ్యి అని గదమాయిస్తున్నాడు. అక్క సైకిల్ స్టాండు వేసి వెళ్ళి ఆ మిరపకాయల పక్కన చతికిలబడింది.

"బాబూ, నీ ఇంట్లో పచ్చడి తింటావా?" అని అడిగింది మెల్లగా.

"తింటాను."

"అయితే నడిపించుకుని పో. నీ పచ్చడి ఇక్కడ ఆరుతోంది."

వాడు గొణుక్కుంటూ నడిపించుకుని పోయాడు. ముసలమ్మ మాకు చిలగడదుంపలు పెట్టి, పండగ పూట ఇద్దరాడవాళ్ళు ఇలా రోడ్డున పడ్డారేమిటి, మొగుళ్ళు పోయారా అని అడిగింది. లేదు, ఇంట్లో అట్లు వేస్తున్నారు అంది అక్క. ముసలమ్మ పళ్ళు లేని నోటితో ఎంతసేపు నవ్విందో చెప్పలేను.

అక్కణ్ణుంచి సోల్‌గోల్ లైను అందేదాకా పల్లె రోడ్లు. పండగ రద్దీ మొదలైంది. పెద్ద రోడ్డు మీద కార్లన్నీ చీమల బారులా ఆగిపోయి ఉన్నాయి, పిల్లలు కిటికీల్లోంచి మమ్మల్ని చూసి చేతులూపారు. వాళ్ళ వెనక సీట్లలో పెట్టెలు, ముందు సీట్లలో మాడిన మొహాలు. మేం పక్క రోడ్డు మీద గంట కొట్టుకుంటూ వాళ్ళని దాటిపోయాం. సాయంత్రానికి వేడి స్నానాల ఇంట్లో దిగి, వెచ్చటి నేల మీద వెల్లకిలా పడుకున్నాం. పండగ ముందు రోజుల్లో నా చేతులు నూనె కంపు కొట్టకపోవడం పెళ్ళైన తర్వాత అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. పెద్ద పెనం ఎక్కడుందని మా ఆయన. అట్టు తిరగేస్తే విరుగుతోందని మళ్ళీ మా ఆయన. అక్క ఫోన్ ఎత్తి, సెగ తగ్గించమని చెప్పి పెట్టేసింది. పండగ ముందు రోజు మధ్యాహ్నం బావగారు చేశారు. అత్తయ్య తలకి తెల్లగుడ్డ బిగించి మంచం ఎక్కిందట, ప్రాణం పోయేలా ఉందట, వెంటనే రమ్మని. సోల్‌గోల్ ఇంకా ఒక కొండ అవతల ఉంది. అక్క మొహం పాలిపోయింది. ఎంతైనా అన్నేళ్ళు తను సేవ చేసిన అత్తగారు కదా. దగ్గర్లో బస్సు స్టాండు ఉంది, అటు చూసింది. వెనక్కి తిరిగితే ఈ ఏడే కాదు, ఇంక ఏ ఏడూ ఆ తండ్రికి అన్నం లేనట్టే.

"అన్నం తిందా?" అని అడిగింది అక్క ఫోన్లో.

తలకి గుడ్డ కట్టిందంటున్నాగా అన్నారు బావగారు.

"ఏమండీ, తిందా లేదా?"

"రెండు గిన్నెలు తింది."

"అయితే బతుకుతుంది. నేను రాను" అని పెట్టేసింది. నేనే వచ్చి తీసుకుపోతానని బావగారు మళ్ళీ చేసి అరిచారట. రండి, నేనెక్కడుంటానో చెప్పే వచ్చాగా అందట. అది చెప్తూ చెప్తూ కొండ ఎక్కడం మొదలుపెట్టింది. నేను సైకిల్ తోసుకుంటూ, ఆ కొండనీ, దాని అమ్మా అబ్బల్నీ తిట్టుకుంటూ వెనకే ఎక్కాను.

పండగ పొద్దున సోల్‌గోల్ స్టేషన్లో నరపురుగు లేదు. స్టేషన్ గదిలో పెట్టిన కాఫీ కొట్టుకి తాళం వేసి ఉంది. పట్టాలున్న చోట నున్నటి దారి. అక్క ప్లాట్‌ఫారం చివర, గ్యాంగ్‌మన్ల గది ఉండేదట, అక్కడ తుడిచి చాప పరిచింది. ముందురోజు దిగిన ఇంటావిడ పొయ్యి అడిగి వండుకున్న అన్నం, ముల్లంగి చారు, చేప, మూడు రకాల ఆకుకూరలు, చంద్రవంకలు పెట్టింది. బేరిపళ్ళ పైచెక్కు తీసి నిలబెట్టింది. పళ్ళు తూర్పునా చేప పడమరా ఉండాలా, అటుదిటా అని నేను తటపటాయిస్తే, అక్క కళ్ళు మూసుకుని కూడా సర్దగలదు. వేరేవాళ్ళ తాతల దగ్గర నేర్చుకున్న విద్య అది.

అగరొత్తి వెలిగిస్తుండగా కారు వచ్చి ఆగింది. బావగారు. నలిగిన కోటు, మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు. ముందు రోజు బయల్దేరిన మనిషి, రాత్రంతా రోడ్డు మీద ఇరుక్కుపోయారు. మేం సైకిళ్ళ మీద దాటొచ్చిన ఆ రోడ్డు మీదే కార్ల బారులో ఉన్నారేమో మరి. ఇంటి దగ్గర గూ వాళ్ళ పెద్దలకి పెద్దకొడుకు లేకుండానే పండగ జరిగిపోతోంది, మా ఆయన విరిగిన అట్లతో. కారు తలుపు తీయగానే మొదలుపెట్టారు, పరువు తీశావనీ, నలుగురిలో తలెత్తుకోనివ్వలేదనీ. అంటూ అంటూ చాప చూశారు. అగరొత్తి పొగ చూశారు. నోరు దానంతటదే ఆగింది. చెప్పులు విడిచి, కోటు బొత్తాం పెట్టుకుని, ఏమీ ఆలోచించకుండా వచ్చి చాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని కల్లు గిన్నె అందుకున్నారు. పుట్టినప్పట్నుంచీ బల్ల ముందు ఆయన చోటు అదే, కాళ్ళు వాటంతట అవే తీసుకొచ్చాయి.

"లేవండి" అంది అక్క.

గొంతు ఎంత తగ్గించిందంటే నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏమిటి?"

"ఇది మా నాన్న ఇల్లు. ఇక్కడ పెద్దకొడుకుని నేను. మీరు అల్లుడు, లేచి వెనక్కెళ్ళండి."

ఆయన నా వైపు చూశారు, నేనేదో సర్ది చెప్తానని. నేను ఆకాశం వంక చూశాను. గిన్నె కింద పెట్టి లేచారు. వెనక్కి వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక, నా పక్కన నిలబడ్డారు. చేతులు ఏం చేసుకోవాలో కూడా తెలియలేదు పాపం.

అక్క కల్లు పోసింది. అన్నం గిన్నె మూత తీసి చెంచా గుచ్చింది. మా దగ్గర ఆడవాళ్ళు నాలుగు దండాలు పెట్టాలి, మగవాళ్ళు రెండు. అక్క నేలకి నుదురు ఆనించి రెండే పెట్టి లేచింది. ఆ తర్వాత ఎంతకీ వెనక్కి తిరగలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. "నాన్నా, తిను, ఆలస్యమైంది" అంది. అంతే అంది. నా పక్కన బావగారు తల దించుకుని రెండు దండాలు పెట్టారు, ఎవరూ చెప్పకుండానే. నేను కూడా పెట్టాను, ఎన్ని పెట్టానో చూసుకోలేదు.

తర్వాత ప్రసాదం కల్లు. పెద్దలు తాగిన గిన్నెలో మొదటి గుక్క పెద్దకొడుకుది, తర్వాత వరసగా మగవాళ్ళది. వంటింట్లోకి వచ్చేసరికి ఖాళీ గిన్నె కడగడానికే వచ్చేది. అక్క గిన్నె దించగానే బావగారు అలవాటు కొద్దీ రెండు చేతులూ చాచారు. అక్క ఆ చేతుల్ని చూసింది. గిన్నె ఎత్తి మొదటి గుక్క తను తాగింది. మళ్ళీ నింపి, ఆ చేతుల మీదుగా దాటించి నాకిచ్చింది. నేను గబగబా తాగెయ్యలేదు, కావాలనే మెల్లగా తాగాను. అంతసేపూ బావగారు చేతులు చాచుకుని తన వంతు కోసం నిలబడే ఉన్నారు.