‘జత’ అనే మాట

నా ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, డిసెంబరు మొదటి వారంలో, కర్నూలు కార్యాలయం నుంచి నన్ను కడప జిల్లాకు పంపారు. ఒక సామాజిక పరిశోధన సంస్థలో నేను అప్పుడు క్షేత్ర పర్యవేక్షకురాలిని. అంటే ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే పరిశోధకులకు పైన, చల్లటి గదిలో కూర్చుని నివేదిక రాసేవాళ్లకు కింద ఉండే మనిషిని. ఎండా నాదే, తిట్లూ నావే. ఈసారి పని, వరదలో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల శిబిరంలో పిల్లల రక్షణ గురించి పెద్దలు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం.

శిబిరం ఒంటిమిట్ట దాటాక రోడ్డు పక్కనే ఉండేది. వరుసగా రేకుల షెడ్లు, ఒక్కో షెడ్డులో నాలుగు కుటుంబాలు, మధ్యలో పాత చీరలే గోడలు. మరుగుదొడ్లు మాత్రం కంపచెట్ల అవతల కట్టారు. స్థలం అక్కడే దొరికిందన్నారు. ఆడపిల్లలు తెల్లారగానే ఒకసారి, పొద్దు వాలే వేళ ఒకసారి ఆ కంపచెట్ల మధ్య దారిన పోయి రావాలి. ఆ దారి చూసిన మొదటి రోజే నా మనసు కీడు శంకించింది. అయితే మా ఫారాల్లో మనసుకు గడి ఉండదు.

ప్రశ్నావళి ఎక్కడో సరిహద్దులు దాటి వచ్చిన కాందిశీకుల శిబిరాల కోసం తయారైంది. తెలుగు చేసినవాళ్లు ఆ కాందిశీకులను అలాగే వదిలేశారు. మొదటి షెడ్డులోనే ఒక పెద్దాయన నన్ను ఆపాడు. “కాందిశీకులంటే ఎవురమ్మా? మా ఊరు అదో, ఆ చింతచెట్లు కనపడతాండాయే, ఆడ. మేం యాడికీ పోలేదు. ఏరే మా ఇండ్లలోకి వచ్చె” అన్నాడు. నేను ఆ మాట కొట్టేసి ‘నిర్వాసితులు’ అని రాసుకున్నాను. అది అంతకన్నా మేలైన మాటేమీ కాదు గానీ, ఆయన ఊరుకున్నాడు.

మా పనిలో గుంపు చర్చ అని ఒక పద్ధతి ఉంది. ఎనిమిది పది మందిని కూర్చోబెట్టి ఒకరు ప్రశ్నలు వేస్తారు, ఇంకొకరు జవాబులను ఉన్నవి ఉన్నట్టు రాస్తారు. ప్రశ్నలు నావి, రాత హరితది. హరిత కృష్ణా నది అవతలి అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ముత్యాల్లాంటి దస్తూరి, పని మీద శ్రద్ధ, ఎదురు చెప్పడం తెలియని నోరు. అలాంటివాళ్ల మీద మాలాంటివాళ్లు నిశ్చింతగా ఆధారపడతాం.

ఇంకో నియమం కూడా చెప్పాలి. జవాబుల్లో మనుషుల పేర్లు మిగలకూడదు. చర్చలో ఎవరైనా ఏదైనా పేరు చెబితే, ఆ పూటే దాన్ని నల్ల సిరాతో కొట్టేయాలి. చెప్పినవాళ్లకు రేపు ముప్పు రాకుండా పెట్టిన నియమం అది. మంచి నియమమే. కొట్టేసే అధికారం పర్యవేక్షకురాలిది.

ఆడవాళ్ల చర్చ మూడో షెడ్డులో జరిగింది. ఆడపిల్లలు మరుగుదొడ్డికి పోయేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకుంటారని అడిగాను. “ఒంటిగా పంపము మేడం. నాగన్న జత పంపిచ్చాం” అంది ఒకామె. మిగతావాళ్లు తలలూపారు. నాగన్న వాళ్ల ఊరి మనిషే, యాభై దాటినవాడు. వరద రోజున నలుగురిని మిద్దెల మీదికి ఎక్కించాడట. పిల్లలకు తోడు పోయే పని ఆయనే తలకెత్తుకున్నాడని, శానా మంచోడని చెప్పారు.

అప్పుడు చివర కూర్చున్న గంగులమ్మ అనే ముసలామె నోరు విప్పింది. కూతురు చనిపోతే మనవరాలిని తానే సాకుతోంది. “నా మనవరాలు ఆయప్ప జత పోనంటాండాది. అది గూడా రాసుకోమ్మా” అంది. పక్కామె ఆమె కొంగు పట్టి లాగింది. “చిన్నపిల్ల, మొండికేచ్చాంటాది” అని ఇంకెవరో నవ్వారు. హరిత రాసుకుంది. గంగులమ్మను విడిగా కలవాలని నేను అనుకున్నాను. బయట జీపు ఆగి ఉంది, మధ్యాహ్నంలోగా ఇంకో షెడ్డు ముగించాలి. అనుకోవడంతోనే సరిపెట్టాను.

ఆ సాయంత్రం మండల కార్యాలయం వరండాలో కూర్చుని పేర్లు కొట్టేశాను. ‘నాగన్న’ అన్న చోటల్లా ఒక నల్ల గీత. ‘ఆయప్ప’ అన్నది కూడా ఒక మనిషిని చూపించే మాటే కాబట్టి దాన్నీ, ఆయన ఎవరో పట్టిచ్చే వరద సంగతినీ, తోడు పోయే సంగతినీ కొట్టేశాను. పద్ధతిగా చేశాను, అందులో వంక పెట్టడానికి లేదు. మిగిలింది ‘జత పంపిచ్చాం’, ‘జత పోనంటాండాది’.

నేను పుట్టింది ప్రొద్దుటూరు దగ్గర. ‘నా జత రా’ అని మా అమ్మ అంగడికి పిలిచేది. జత అంటే మాకు వెంట, తోడు. ఎవరి జత అన్నదే అందులో అసలు సంగతి. హరిత వాళ్ల వైపు జత అంటే ఇద్దరు, జత గాజులు, జత ఎడ్లు. రెండు వారాల తర్వాత, పది చర్చల కాగితాలు కలిపి శుభ్రప్రతి రాసేటప్పుడు ఆ పిల్ల యాసను సరిదిద్ది, ‘ఆడపిల్లలను జతగా పంపుతారు’ అని రాసింది. ప్రధాన కార్యాలయంలో జవాబులకు అంకెలు వేసేవాళ్లు దాన్ని ‘ఇద్దరిద్దరుగా పంపడం: మంచి రక్షణ అలవాటు’ అనే గడిలో వేశారు. గంగులమ్మ మాట ‘జతగా వెళ్లడానికి కొందరు బాలికలకు అయిష్టం: అవగాహన కల్పించాలి’ అయింది.

ఆ పట్టిక నా సంతకానికి వచ్చింది. చదివాను. ‘జతగా’ అన్న మాట దగ్గర కన్ను ఒక్క క్షణం ఆగింది కూడా. ఆ పక్కన ఇంకా చాలా కాగితాలున్నాయి. సంతకం పెట్టాను.

నాలుగు నెలల తర్వాత మళ్లీ ఆ శిబిరానికి వెళ్లాను. తేలిన విషయాలను తిరిగి జనానికి చెప్పిరావడం మా పనిలో చివరి అంచె. కంపచెట్ల దారి మొదట్లో ఒక కొత్త బోర్డు కనిపించింది. ‘ఒంటరిగా వద్దు, జతగా వెళ్దాం.’ దాని కింద నాగన్న నిలబడి ఉన్నాడు. నారింజ రంగు కోటు, మెడలో ఈల. మా నివేదిక అందాక శిబిరం సిబ్బంది వచ్చి పిల్లల్ని ఎవరి జత పంపుతారని అడిగారట. అందరూ ఆయన పేరే చెప్పారట. అంతవరకూ తనంతట తాను చేసే పని, అప్పటినుంచి ఆయన డ్యూటీ అయింది. “అంతా మీ సర్వే పుణ్యం మేడం” అని ఆయన నాకు చేతులు జోడించాడు.

సమావేశానికి గంగులమ్మ రాలేదు. నేనే ఆమె షెడ్డుకు వెళ్లాను. ఆ పాప గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. పన్నెండేళ్లుంటాయి. పెదవులు ఎండి పగిలిపోయి ఉన్నాయి. ఎందుకలా ఉందని అడిగితే ముసలామె నా ముఖం చూడకుండా చెప్పింది.

“బువ్వ తింటాది. నీళ్లే ముట్టదు. మధ్యాన్నం నుంచి గుక్క గూడా తాగదు. తాగితే ఆ దావన పోవల్ల గదా. పోనంటే మొండిపిల్ల అని, బోర్డు చూడు, ఆపీసరోళ్లే చెప్పినారని అందురూ తిట్టి పంపిరి.” పాప జుట్టు సవరిస్తూ అంది. “నేను చెప్తి గదమ్మా. నువ్వు రాసుకుంటివి గూడా.”

నా ఉద్యోగంలో ఎన్నో చీవాట్లు తిన్నాను. అవన్నీ ఒక ఎత్తు, ఆ రెండు మాటలు ఒక ఎత్తు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఏం జరిగిందో ఆ పాప తన నోటితో ఒక మహిళా పోలీసు అధికారికే చెప్పింది. ఇక్కడ నేను రాయను. పిల్లల మీద జరిగే ఇలాంటి నేరం తెలిసీ చెప్పకపోతే, చెప్పనివాళ్లదీ నేరమే అంటుంది చట్టం. నేను ఫిర్యాదు చేయబోతున్నానని తెలిసి నలుగురు పెద్దలు జీపుకు అడ్డం వచ్చారు. “ఇల్లూ వాకిలీ పోయినోళ్లం మేడం. మానం గూడా పోగొట్టుకోమంటావా? ఆ పిల్లను రేపు ఎవురు చేసుకుంటారు?” అన్నాడు వాళ్లలో ఒకాయన. పిల్లల రక్షణ మీద జనాభిప్రాయం కోసం నెలల తరబడి ఎన్నో ప్రశ్నలు వేశాం. అసలు జవాబు నాకు అక్కడ, జీపు ముందు దొరికింది. గంగులమ్మ వాళ్లను తోసుకుంటూ వచ్చి, మనవరాలిని వెంటబెట్టుకుని జీపెక్కింది.

కర్నూలు వచ్చాక బీరువా తాళం తీసి మొదటి నోటు పుస్తకం బయట పెట్టించాను. నల్ల సిరా కింద పేరు కనపడలేదు. కాగితం వెనక్కి తిప్పి కిటికీ వెలుగులో పట్టుకుంటే, హరిత పెన్ను ఒత్తిన గుర్తులు కనిపించాయి. ‘నాగన్న’ అని అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఆ పుస్తకాన్ని దర్యాప్తు అధికారికి అప్పగించాం.

హరిత ఏడ్చింది. “మా ఊళ్లో జత అంటే ఇద్దరనే కదండీ మేడం” అంది. నిజమే. “నువ్వు తెలియక రాశావు, నేను తెలిసీ సంతకం పెట్టాను” అని చెప్పాను. ఓదార్పు కోసం అన్న మాట కాదు, లెక్క అదే.

నాగన్నను అరెస్టు చేశారు. నాకు తెలిసినంతవరకు కేసు ఇంకా నడుస్తోంది. బోర్డు పీకేశారు, మరుగుదొడ్లు షెడ్ల పక్కకు వచ్చాయి. శిబిరంలో గంగులమ్మతో మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. మనవరాలిని తీసుకుని ఆమె బనగానపల్లె వైపు ఒక మామిడి తోటలో కాపలా పనికి వెళ్లిపోయింది. నేను ఒకసారి వెళ్లాను. పాప బడికి పోతోందట. నీళ్లు తాగుతోందా అని అడిగాను. “ఈడ తాగుతాది” అంది ముసలామె. కూర్చోమని మాత్రం అనలేదు.

నివేదికకు ఒక సవరణ కాగితం జతచేశారు. దాన్ని అడిగినవాళ్లెవరూ లేరు.

ఇప్పటికీ కొత్త పరిశోధకులకు పాఠం చెప్పమని నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. నేను పెద్ద సిద్ధాంతాలు చెప్పను. పేరు కొట్టేయండి, కానీ ఖాళీ వదలకండి, ఆ చోట ‘ఒక మగమనిషి’ అని రాయండి అంటాను. ఇదంతా రాసేటప్పుడు నేనూ పేర్లన్నీ మార్చాను, కొట్టేయలేదు. ఎదుటి మనిషి ‘అది గూడా రాసుకో’ అంటే పెన్ను పక్కన పెట్టి, ఎందుకని అడగమంటాను. ఆ రోజు గంగులమ్మ ఆ అడిగేవాళ్ల కోసమే చూసింది. నేను జీపు వైపు చూశాను.