దయ్యానికి దగ్గు తెప్పించిన మల్లప్ప

ఆదోని టూరింగు టాకీసు ఆపరేటరు మల్లప్ప చనిపోయాడని కబురు తెచ్చిన మనిషి, నేను నోరు తెరవకముందే కారణం కూడా చెప్పాడు.

"కోసిగి ఉరుకుందమ్మ తినేసిందంట సామీ."

నిర్ఘాంతపోయాను. దుఃఖం కన్నా ముందు ఒళ్లు మండింది. మల్లప్పను తిన్నది క్షయ. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తిన్నది. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, నాకు తెలుసు, కబురు తెచ్చినవాడికీ తెలుసు.

మల్లప్ప ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టి, మగ్గం వదిలి ప్రొజెక్టరు పట్టినవాడు. దయ్యాలు లేవని నేను ఊరూరా పెట్టే సభలకు వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. "నువ్వు దయ్యాన్ని తిట్టేకొద్దీ దానికి బలమొస్తాందప్పా. జనం నవ్వాల. నవ్వినాక అది నిలబడదు" అనేవాడు. గంటల తరబడి తర్కించి ఒక్కణ్ణయినా మార్చలేకపోయిన నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

పాత కెమెరా ఒకటి సంపాదించి "దయ్యానికి దగ్గు" అనే సినిమా తీశాడు. శబ్దం చేర్చే స్తోమత లేదు. తెర పక్కన నిలబడి అన్ని గొంతులూ తానే పలికేవాడు. హొళగుందలో అయితే కన్నడంలో. ఆకలికి తాళలేక ఒక కూలిమనిషి దయ్యం వేషంలో జొన్నలు దొంగిలిస్తుంది. మంత్రగాడు వేసిన సాంబ్రాణి పొగకు దగ్గి దగ్గి విగ్గు ఊడి దొరికిపోతుంది. కథ అంతే.

ఆ వేషం ఉరుకుందమ్మకిచ్చాడు. కలరాలో మొగుడూ ఇద్దరు బిడ్డలూ పోయి ఆమె ఒక్కతే మిగిలితే, దయ్యం పట్టిందని కోసిగి తీర్మానించింది. కూలికి పిలవడం మానేసింది. తెర మీద ఆమె విగ్గు ఊడితే ఊరు నవ్వుతుందని, నవ్విన ఊరు మళ్లీ కలుపు తీతకు పిలుస్తుందని మల్లప్ప ఆశ.

దగ్గు మొదట్లోనే పెడతానన్నాడు. వద్దన్నది నేను. "ముందు బాగా హడలగొట్టు. హడలు ఎంతుంటే నవ్వు అంత" అన్నాను. అతను జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో నా మాట వినడం ఒకటి.

ఎమ్మిగనూరులో హడలు పుట్టనే లేదు. దయ్యం తెర మీదికి రాగానే ఒక నేతగాడు లేచి, "ఓ మల్లన్నా, దయ్యానికి సీర ఎవురింట్లో నేయిచ్చినావు? అంచు మా మామ నేసినట్టుందే" అన్నాడు. డేరా అంతా గొల్లుమంది. తర్వాత ఎంత భయంకరమైన ఘట్టం వచ్చినా అందరూ అంచు గురించే మాట్లాడుకున్నారు.

కోసిగిలో తలకిందులైంది. రెండో రీలుకే జనం చెప్పులు చేతబట్టుకుని లేచారు. వెనక్కి తిరిగితే డేరాలో ఉరుకుందమ్మ కూర్చుని ఉంది. "తెర మీదా అదే, ఈడా అదే" అని ఎవరో అరిచారు. విగ్గు ఊడే సమయానికి ఆమె, మల్లప్ప, నేను మిగిలాం. తన దగ్గు చూసుకుని ఉరుకుందమ్మ పడీపడీ నవ్వింది. ఆ ఒంటరి నవ్వు బయట పరిగెత్తే వాళ్లకు వినిపించింది.

ఆ తర్వాత కూలి సరే, బావి దగ్గరికే రానివ్వలేదు. అప్పటినుంచి మల్లప్ప ప్రతి శుక్రవారం కోసిగి వెళ్లి, నలుగురూ చూసేలా ఆమె అరుగు మీద జొన్నరొట్టె తినేవాడు. దారినపోయే వాళ్లను ఆపి, "సూడండప్పా, సచ్చినానా?" అని అడిగేవాడు. ఊరు రొట్టెను చూడలేదు, మధ్యమధ్య అతని దగ్గును చూసింది. తన రోగం ఆమెకు అంటకూడదని పళ్లెం, చెంబు వెంట తీసుకుపోయేవాడు. ఆమె పళ్లెంలో తినడానికి వానికే భయమని ఊరు చెప్పుకుంది.

క్షయరోగి తనను తానే సాక్ష్యంగా కూర్చోబెట్టుకోవడం ఎంత మూర్ఖత్వమో అతనికి మొహాన చెప్పాను. "నేను మానేస్తే ఆయమ్మ ఎదురుగా కూర్సుని తినేదెవురు? నువ్వు పోతావా?" అన్నాడు. పనులున్నాయన్నాను.

మల్లప్పను పూడ్చిన తర్వాత వచ్చిన శుక్రవారం నేను వెళ్లాను. లోపల రొట్టె తట్టే చప్పుడు వినిపిస్తోంది. అరుగు మీద కూర్చుని ఒక రొట్టె పెట్టమన్నాను. చప్పుడు ఆగింది.

"లే సామీ, పో. నీకు జలుబు సేసినా నన్నే అంటారు."

"నాకే రోగమూ లేదమ్మా."

"ఆయప్పా అట్లే అన్నాడు. ఆయప్పను తినిందన్నారు, పడినాను. ఇంగొకర్ని తినిందంటే నన్ను బతకనియ్యరు."

కార్యకారణ సంబంధం గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. ఆమె అంతా విని తలుపు వేసుకుంది. ఎదురింటివాళ్లు నన్ను చూస్తున్నారు. చాలాసేపు కూర్చుని, ఏమీ తినకుండా లేచి వచ్చాను.

మల్లప్పకు చేతులు జోడిస్తున్నాను. ఆ ఇంటి తలుపు మొదటిసారి ఎట్లా తెరిపించాడో అతన్ని ఒక్కసారి కూడా అడగలేదు.